గడప బయటి చెయ్యి

జూన్ 6

లాయరు బావమరిదికి,

దీవించడానికి లేచి కూర్చోనక్కర్లేదు కాబట్టి పడుకునే దీవిస్తున్నాను, పుచ్చుకో.

ఫోను చేస్తే "మీటింగులో ఉన్నాను బావా" అంటావు. ఉత్తరమైతే మీటింగులో కూడా నీ జేబులో కూర్చుంటుంది. అందుకే కాగితం పట్టాను. నువ్వు లాయరువి కావని, నగరపాలక ఆఫీసులో నిబంధనలు రాసే అధికారివని నాకు తెలుసులే. చిన్నప్పుడు మీ అక్కతో గోళీకాయ కోసం కూడా వాదించేవాడివి, ఆ పేరు పెట్టింది నేనే, ఇక మార్చను.

ఇక్కడి సంగతులు. షాపు బోర్డు తగిలిస్తూ నిచ్చెన మీంచి పడ్డాక నడుం కింద భాగం నా మాట వినడం మానేసింది కదా, ఇప్పటికీ అలకే. మిషను మీ అక్క తొక్కుతోంది. నేను మంచం మీద పక్కకు ఒత్తిగిలి కాజాలు కుడుతున్నాను, గుండీలు వేస్తున్నాను. పెళ్ళయినప్పటి నుంచి "నీకు కత్తెర పట్టడమే రాదు" అని ఆవిణ్ణి ఏడిపించినవాణ్ణి. ఇప్పుడు ఆవిడ "గుండీ వదులుగా ఉంది, మళ్ళీ వెయ్యండి" అని చొక్కా నా మొహాన పడేస్తోంది. కాలం ఎంత దుర్మార్గమైందో చూడు.

వారానికి రెండుసార్లు ఆరోగ్య కేంద్రం నుంచి నర్సమ్మ ఇంటికి వస్తుంది. వీపు మీద పుళ్ళు కడిగి కట్టు మారుస్తుంది, ఒంటేలు పోవడానికి పెట్టిన గొట్టం మారుస్తుంది. ఆ గొట్టం దగ్గర ఏ కాస్త తేడా వచ్చినా జ్వరం పట్టుకుంటుందని, ఆ జ్వరం మనిషిని తీసుకుపోతుందని పెద్దాసుపత్రిలో చెప్పే పంపారు. అందుకని నర్సమ్మ వచ్చే రోజు మీ అక్క ఇల్లంతా కడుగుతుంది, నేను గడ్డం గీసుకుంటాను. నవ్వకు.

ఇంతకీ రాయడానికి కారణం. మా కిటికీ ఎదురు గోడ మీద ఒక పోస్టరు అంటించారు. పైకెత్తిన చెయ్యి బొమ్మ, కింద "మీ ఆరోగ్యం మీ చేతుల్లో" అని. ఇక నుంచి వార్డు ఆరోగ్య కేంద్రంలో ఏం ఉండాలో, ఏం ఉండకూడదో వార్డు జనమే తేల్చుకోవాలట. ఇది నువ్వు రాసిందేనని మీ అక్క వీధంతా చెప్పుకుని వచ్చింది. నిజమేనా? అయితే దీని భావమేమిటో మాలాంటివాళ్ళకు అర్థమయ్యేలా రాయి.

నీ బావ


జూన్ 15

బావకు, అక్కకు నమస్కారాలు.

నిజమే బావా, నేనే రాశాను. మూడేళ్ళ నుంచి ఇదే పని. పై ఆఫీసులో కూర్చుని ఏ వార్డుకు ఏ మందు, ఏ మనిషి అని మేం పంచడం ఆగిపోయింది. ప్రతి వార్డుకూ ఆరోగ్య సభ. కేంద్రానికి ఇచ్చే నిధి ఎలా వాడాలో సభ తేలుస్తుంది, మేం ఆ మాట పాటిస్తాం. ఇన్నాళ్ళూ అడుక్కున్నవాళ్ళు ఇప్పుడు ఆజ్ఞాపిస్తారు. ఈ వాక్యం మా పెద్దాఫీసరు ఉపన్యాసంలోది, అదీ నేనే రాశాను.

ఒక్క నిబంధన గురించి మాత్రం నీకు చెప్పి తీరాలి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. "సభా మందిరం లోపల స్వయంగా ఉండి చెయ్యి ఎత్తినవారి ఓటే లెక్కకు వస్తుంది." ఎందుకో తెలుసా? ఆ రోజుల్లో ఆరోగ్య కేంద్రం పక్క స్థలం ఎవరికో కట్టబెట్టారు, గుర్తుందా? ప్రజలు ఒప్పుకున్నారని వేలిముద్రల కట్ట పట్టుకొచ్చారు. అందులో మా నాన్న వేలిముద్ర కూడా ఉంది. నాన్న పోయి అప్పటికి రెండేళ్ళు. ఆ కాగితం చూసి అక్క ఎంత ఏడ్చిందో నేను మర్చిపోలేదు. చచ్చినవాళ్ళ చేత ఓటు వేయించే దందా మళ్ళీ జరగకూడదు. ఒకసారి లెక్క మొదలయ్యాక ఎవరొచ్చి గొడవ చేసినా ఆపకూడదని కూడా రాశాను. రౌడీ మూకకు అవకాశం లేకుండా.

నువ్వూ సభకు వెళ్ళు బావా. చక్రాల కుర్చీ ఒకటి సంపాదిస్తే సరి. నాలుగు గోడల మధ్య ఉంటే మనసు పాడవుతుంది.

అన్నట్టు సభల ప్రారంభోత్సవం రోజున నేను వేదిక మీద మాట్లాడాలి. నీ చేతి చొక్కా కావాలి. నడుం కొలత పంపనా?

నీ బావమరిది


జూన్ 28

లాయరుకు,

నీ నడుం కొలత నువ్వు పంపితే అబద్ధం పంపుతావు. నేను ఊహించే కత్తిరించాను, తెల్లది. నీ పొట్ట మీద నాకు గౌరవం ఉంది, చోటు వదిలాను.

చక్రాల కుర్చీ మాట. ఒరేయ్, కూర్చోగలిగితే నేను నీకు ఉత్తరాలెందుకు రాస్తాను, కూర్చుని షాపు నడుపుకోనూ? పిర్రల మీద పుళ్ళు. కూర్చుంటే చర్మం ఊడి వస్తుంది. అక్క నీకు ఈ సంగతి చెప్పలేదా? నీ పనికి అడ్డం రాకూడదని ఊరుకుని ఉంటుంది. మీ ఇంట్లో అందరిదీ అదే జబ్బు.

ఇప్పుడు అసలు విషయం. మన వార్డు సభకు పెద్దగా రిటైరైన పంతులమ్మను ఎన్నుకున్నారు. మంచి మనిషి. ఆవిడ లెక్క చూసి చెప్పింది, ఉన్న నిధితో రెండూ కుదరవట. సాయంత్రం పూట కేంద్రంలో కూర్చునే డాక్టరు కావాలా, ఇంటింటికీ తిరిగే నర్సమ్మ కావాలా, వచ్చే సభలో చేతులెత్తి తేల్చుకోవాలి.

సాయంత్రం డాక్టరు వద్దని నేను అనను. ఫ్యాక్టరీలో పనిచేసే తల్లులు జ్వరం పిల్లల్ని చంకనేసుకుని సాయంత్రం కేంద్రం ముందు తాళం చూసి వెనక్కి పోవడం నా కిటికీలోంచి కనపడుతూనే ఉంటుంది. వాళ్ళు నాకు శత్రువులా? కానీ నువ్వే ఆలోచించు. ఆ హాలుకు వచ్చేవాళ్ళెవరు? నడవగలిగినవాళ్ళు. నర్సమ్మ కావలసినవాళ్ళెవరు? నడవలేనివాళ్ళు. నేను, వడ్రంగి వాళ్ళమ్మ, ఇంకా ఈ నాలుగు వీధుల్లో మంచాలకు అతుక్కుపోయినవాళ్ళం. మా చేతులు బాగానే ఉన్నాయి. అవి ఎత్తాల్సిన చోటే మాకు దూరం.

అందుకని నీ ముద్దుల వాక్యంలోంచి ఒక్క మాట పీకెయ్యి. "లోపల" అన్నది. ఆ ఒక్క కుట్టు విప్పితే చొక్కా మాకు పడుతుంది.

నీ బావ


జూలై 9

బావా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చెప్పకపోతే నీకు కోపం, చెబితే నాకు బాధ. అయినా చెబుతాను.

ఆ నిబంధన నగరం మొత్తానికి. ఇప్పుడు నా సొంత అక్క ఉండే వార్డులో, నా సొంత బావకు ఉపయోగపడేలా మార్చానంటే రేపు పేపర్లో ఏం రాస్తారు? ఈ సంస్కరణ ఎప్పుడు చతికిలబడుతుందా అని కాచుకు కూర్చున్నవాళ్ళు ఇక్కడ నా చుట్టూనే ఉన్నారు. వాళ్ళ చేతికి నేనే కర్ర ఇవ్వనా? నువ్వు అడగకుండా ఉండాల్సింది బావా. ఇంకెవరు అడిగినా బాధపడేవాణ్ణి కాదు.

అధికారం జనానికి ఇవ్వడమంటే ఇదే. నువ్వు వాళ్ళను ఒప్పించు. నీ మాటకారితనానికి వీధి వీధంతా పడిపోతుంది. అక్క హాల్లో ఉంటుంది కదా, ఆవిడ చెయ్యెత్తుతుంది. పది మందికీ చెప్పండి. గెలుస్తారు, నాకు నమ్మకం ఉంది.

చొక్కాకు కాలరు కొంచెం పెద్దది పెట్టు.

నీ బావమరిది


జూలై 16

గౌరవనీయులైన నిబంధనల విభాగం అధికారి గారి సముఖమునకు,

వార్డు నివాసి, వృత్తిరీత్యా టైలరు, ప్రస్తుతం మంచస్థుడు వ్రాసుకొను మనవి.

అయ్యా, తమరు నాకు బంధువులన్న విషయం నేను మరచితిని, తమరు కూడా మరవవలెనని ప్రార్థన. ఏ బంధుత్వమూ లేని ఒక పౌరునిగా అడుగుచున్నాను. నడవలేనివారి అవసరమును నడవగలవారు మాత్రమే తేల్చుట న్యాయమేనా? హాలుకు రాలేనివారి ఇంటికి లెక్క పెట్టు ఉద్యోగి వచ్చి, మంచము వద్ద చెయ్యెత్తించుకుని పోవుటకు వీలు కల్పించవలెనని కోరుచున్నాను. ఇది నా ఒక్కని కొరకు కాదు. అన్ని వార్డులలోనూ మంచములు గలవు.

తమరు కాదనిన యెడల మరెన్నడూ తమరిని ఏమియూ అడుగను.

ఇట్లు,
ఒక పౌరుడు


జూలై 25

బావా బావా!

నిన్ను మించినవాడు లేడు! "మంచస్థుడు"! ఆ మాట ఎక్కణ్ణుంచి పుట్టించావు? చదువుతుంటే నవ్వాపుకోలేక, ఆఫీసులో అందరినీ పిలిచి చదివి వినిపించాను. పడి పడి నవ్వారు. మా పెద్దాఫీసరైతే "అన్ని వార్డులలోనూ మంచములు గలవు" అన్న దగ్గర కళ్ళు తుడుచుకున్నాడు. నీ దరఖాస్తు మా గోడ మీద పిన్ను కొట్టి పెట్టాం. అలిగావేమోనని భయపడ్డాను కానీ, ఈ ఉత్తరం చూశాక గుండె తేలికపడింది. అలిగినవాడు ఇంత హాస్యం రాయలేడు.

ప్రారంభోత్సవం వాయిదా పడింది. చొక్కాకు తొందర లేదు. అక్కను అడిగానని చెప్పు.

నీ బావమరిది


ఆగస్టు 12

బావమరిదికి,

హాస్యం అనుకున్నావా. సరే. తప్పు నాదే, జీవితమంతా వెటకారం ఆడినవాడు ఒక్కరోజు నిజం మాట్లాడితే ఎవరు నమ్ముతారు? నీ ఉత్తరం చదివి మీ అక్క మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

నిన్న సభ జరిగింది. విను.

నువ్వు ఒప్పించమన్నావు కదా, ఒప్పించాం. మీ అక్క ఇల్లిల్లూ తిరిగింది. చాలామంది అయ్యో అన్నారు. అయ్యో అన్నవాళ్ళ ఇంట్లోనూ పిల్లలున్నారు, వాళ్ళకూ సాయంత్రం డాక్టరు కావాలి. ఇక నేనే వెళ్ళాలని పట్టుబట్టాను. మంచం కదలదు. వడ్రంగి వచ్చి నా షాపులో బట్టలు కత్తిరించే బల్ల చూశాడు. దానికి కాళ్ళు ఊడదీశాడు. "ఇప్పుడు ఇద్దరం సమానం" అన్నాను. వాడు నవ్వలేదు. వాళ్ళమ్మను కూడా తీసుకురమ్మంటే, ముసలావిడ వీధిలో అలా మోయించుకోనని దుప్పటి మొహం మీదికి లాక్కుందట.

నేను టైలర్ని. కొలవకుండా గుడ్డ మీద కత్తెర పెట్టను. మీ అక్కకు టేపిచ్చి ముందురోజే హాలు తలుపు కొలిపించాను. బల్ల వెడల్పు కంటే తలుపు వెడల్పు బెత్తెడు ఎక్కువే. సంతోషించాం. నలుగురు మోశారు. వీధిలో జనం పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు, ఆ మర్యాదకు నా ఒళ్ళు జలదరించింది. నన్ను పైకి చూస్తూ పడుకోబెట్టారు కాబట్టి చాలా రోజుల తర్వాత ఆకాశం మొత్తం ఒకేసారి చూశాను.

మెట్లెక్కి కాళ్ళ వైపు ముందు పెట్టి తలుపులోకి దూర్చారు. సగం వెళ్ళి బల్ల ఆగిపోయింది. తలుపు దాటగానే ఎదురుగా అడ్డుగోడ ఉంది, అక్కణ్ణుంచి మలుపు తిరగాలి. వెడల్పు కొలిపించిన మొనగాణ్ణి పొడవు సంగతి మర్చిపోయాను. ఇన్నేళ్ళ వృత్తిలో ఇలాంటి తప్పు ఒక్కటీ చెయ్యలేదు. చేతులతో ఎత్తి లోపలికి తెద్దామని వడ్రంగి చంకల కింద చేతులు వేశాడు. వీపు మీద పుండు చీరుకుపోయింది. నేను పెట్టిన కేకకు లోపల పసిపిల్లలు ఏడ్చారు. బల్ల తిప్పి తల వైపు ముందుగా తేవాలంటే మళ్ళీ మెట్లు దిగి వీధిలోకి పోవాలి. అప్పటికే "నర్సు కావాలనేవారు చేతులెత్తండి" అన్న మాట వినపడింది.

ఎత్తాను. హాలు వరండాలో పడుకుని ఎంత ఎత్తగలనో అంత ఎత్తాను.

మీ ఆఫీసు నుంచి వచ్చిన లెక్కల ఉద్యోగి చూశాడు. చూడలేదని అబద్ధం చెప్పను. కాగితం తీసి చదువుకున్నాడు. పంతులమ్మ "లెక్కపెట్టవయ్యా, కళ్ళముందు కనపడుతున్నాడుగా" అంది. ఆయన మొహం మాడిపోయింది. "సభా మందిరం లోపల అని ఉందమ్మా. మొదలైన లెక్క ఆపకూడదని కూడా ఉంది. మారిస్తే నా ఉద్యోగం పోతుంది" అన్నాడు. నీ వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా చదివాడు.

పనికిరాని నా కాళ్ళు లోపల ఉన్నాయి. పనికొచ్చే చేతులు గడప బయట ఉన్నాయి.

నాలుగు చేతుల తేడాతో ఓడిపోయాం. నా ఒక్కడి చెయ్యి లెక్కపెట్టినా సరిపోయేది కాదు, ఆ మాటా రాస్తున్నాను, నీ మీద పూర్తిగా తోసెయ్యడం నాకిష్టం లేదు. కానీ మంచాలన్నీ వచ్చి ఉంటే సరిపోయేది. డాక్టరు కోసం చెయ్యెత్తిన తల్లులు తలలు వంచుకుని నా పక్కనుంచే బయటికి వెళ్ళారు. ఒకావిడ జారిపోయిన నా దుప్పటి సర్ది వెళ్ళింది.

నర్సమ్మను ఈ నెలాఖరున వేరే వార్డుకు పంపేస్తున్నారు.

నీ బావ


ఆగస్టు 20

బావా,

నీ ఉత్తరం చదివాక గోడ మీది ఆ దరఖాస్తు తీసేశాను. దాన్ని మళ్ళీ చదివాను. అందులో నవ్వు ఎక్కడుందో ఈసారి నాకు కనపడలేదు.

నిబంధన మారుస్తాను. నీ కోసమనే అనుకోనీ, పేపర్లో రాసుకోనీ. నగర సభ కూర్చోవాలి, దానికి ముందు ఉపసంఘం ఒప్పుకోవాలి, న్యాయ విభాగం చూడాలి. నేను పెట్టిన అంచెలే ఇవన్నీ, ఇప్పుడు ఒక్కొక్కటీ నాకే అడ్డం వస్తోంది. నర్సును ఆపమని అడిగాను. వార్డు సభ నిర్ణయం మీద ఎవరికీ అధికారం లేదన్నారు. అదీ నా వాక్యమే.

ఈలోగా పెద్దాసుపత్రికి వెళ్ళి పడుకో బావా. నేను మాట్లాడతాను. అక్కను నాతో ఒక్కసారి ఫోనులో మాట్లాడమను. నా ఫోను ఎత్తడం లేదు.

నీ బావమరిది


సెప్టెంబరు 17

లాయరూ,

అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు, జ్వరం. పెద్దాసుపత్రికి ఒకసారి వెళ్ళొచ్చాం. బండి కుదుపులకు మానిన పుళ్ళు కూడా పగిలాయి. మందులిచ్చి, మంచాలు ఖాళీ లేవు, ఇంటి దగ్గరే నర్సు చేత చూపించుకోమని పంపారు. ఏ నర్సు అని మీ అక్క అడిగితే, మీ వార్డులో వస్తుంది కదా అన్నారట.

గొట్టం ఇప్పుడు మీ అక్కే మారుస్తోంది. నర్సమ్మ వెళ్ళేముందు నేర్పింది. కళ్ళు సరిగా ఆనవు పాపం, భయంతో చెమటలు పడతాయి. ఇద్దరం ఒకరినొకరు తిట్టుకుంటూ ఆ పని కానిస్తున్నాం.

నిన్ను తిట్టడం మానేశాను, ఓపిక లేదు. నీ వాక్యం దొంగల కోసం రాశావు, నాకు తెలుసు. మీ నాన్న వేలిముద్ర సంగతి తెలిసినవాణ్ణి, నాకు తెలీదా? దొంగను ఆపే తలుపు ఇరుకుగా ఉంటుంది, మంచం పట్టదు. అంతే జరిగింది. నీ చొక్కాకు కాజాలు మిగిలాయి. జ్వరం తగ్గాక కుడతాను.

బావ


అక్టోబరు 3

బావా,

అయింది! నిన్న నగర సభ ఒప్పుకుంది. "లోపల" అన్న మాట తీసేశారు. హాలుకు రాలేనివారి ఇంటికి ఉద్యోగి వచ్చి, మంచం దగ్గరే ఓటు తీసుకోవాలి. నువ్వు దరఖాస్తులో అడిగింది అడిగినట్టే. మన వార్డులో మళ్ళీ ఓటు పెట్టమని ఆర్డరు కూడా వేయించాను.

నీ ఉత్తరంలో కాళ్ళు లోపల, చేతులు బయట అన్నావే, అది నగర సభలో చదివాను. ఎవరూ నవ్వలేదు.

ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టు. చొక్కా కోసం నేనే వస్తాను.

నీ బావమరిది


నవంబరు 21

తమ్ముడూ,

నువ్వు వచ్చి, మీ బావను సాగనంపి వెళ్ళిపోయాక ఇల్లు సర్దాను. ఆ నాలుగు రోజుల్లో మనం సరిగా మాట్లాడుకోలేదు. నువ్వు నా ఎదుట పడటానికి భయపడ్డావు, నేను నోరు తెరిస్తే ఏమంటానోనని భయపడ్డాను. అందుకే ఆయన పద్ధతిలో ఉత్తరం రాస్తున్నాను.

నీ చివరి ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. అప్పటికే ఒళ్ళు కాలిపోతోంది, మాట ముద్దగా వస్తోంది. "లోపల అన్నది తీసేశాడా? అయితే నా కాళ్ళు కూడా ఇక బయటే ఉండొచ్చన్నమాట" అన్నారు. నవ్వారు కూడా. తర్వాత మగత కమ్మింది, ఇక మాట్లాడలేదు. నీకీ సంగతి చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను. నీ మీద కోపంతో ఆయన పోలేదని నీకు తెలియాలి. కోపం ఉన్నది నాకు. అది తగ్గడానికి చాలాకాలం పడుతుందిరా. తగ్గిందని అబద్ధం రాయలేను.

నిన్న మళ్ళీ ఓటు జరిగింది. సభకు ముందు రోజు ఆ లెక్కల ఉద్యోగి కొత్త ఆర్డరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. వడ్రంగి వాళ్ళమ్మ మంచం దగ్గర కూర్చుని మరీ ఓటు రాసుకున్నాడట. ముసలావిడ రెండు చేతులూ ఎత్తిందట. ఈసారి నర్సమ్మ గెలిచింది. వచ్చే నెల నుంచి వస్తుంది, మన వీధిలోకి కూడా. నేను హాలుకు వెళ్ళి చెయ్యెత్తాను. ఆ అడ్డుగోడ దగ్గర మలుపులో ఆగిపోతే పంతులమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది.

నీ చొక్కా పార్సిలు పంపుతున్నాను. మిగిలిన కాజాలు నేను కుట్టాను. బాగా రాలేదు. ఆయనుంటే మొహాన కొట్టేవారు.

ఆ ఉద్యోగి మనింటికి కూడా వచ్చాడు. వరండాలో ఆనించి ఉన్న బల్ల చూసి గుర్తుపట్టాడు. కానీ ప్రతి ఇంట్లోనూ అడిగి తీరాలట, అడగకుండా రాసుకోకూడదట. అది కూడా నువ్వే పెట్టించావు కాబోలు. తల వంచుకుని, "ఈ ఇంట్లో హాలుకు రాలేనివారు ఎవరైనా ఉన్నారా అమ్మా?" అని అడిగాడు.

లేరు అన్నాను. రాసుకుని పక్కింటికి వెళ్ళాడు.

అక్క